చిరునామా లేని గింజలు

నా చిన్నప్పుడు చేసిన ఈ పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా పిల్లలు నన్ను అన్నీ చదివిన మనిషి అనుకుంటున్నారు కాబట్టి రాసిపెట్టాలి.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని లోకం హడావిడి పడుతున్న రోజులవి. ఆ పని మీదే మా నాన్నగారు మమ్మల్ని సిడ్నీ తీసుకొచ్చారు. క్వేకర్స్ హిల్‌లో అద్దె ఇల్లు. పక్కింట్లో ఫిజీ నుంచి వచ్చిన ఆంటీ ఒంటరిగా ఉండేది. తాతముత్తాతల తెలుగులో హిందీ కలిపి మాట్లాడేది. కంచె పక్కన, పోయిన వాళ్లాయన నాటిన చీజ్ చెట్టు, అక్కడి అడవుల్లో పెరిగే రకం. దాని కాయలు బుల్లి గుమ్మడికాయల్లా ఉంటాయి. ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి వెళ్లే ముందు దాని తాజా గింజలు ఏరుకుని, అక్కడ మొలిపించుకోవాలని ఆమె ఆశ.

పదకొండేళ్ల నాకు లైబ్రరీ కార్డే కిరీటం. ఒకరోజు కాయ చీల్చి చూస్తే లోపల పురుగు.

"ఆంటీ, ఇది చీడ! బుక్‌లో ఉంది. స్ప్రే చెయ్యాలి."

ఆమె నవ్వింది. "అరే బేటీ, తిననీ. దానికి నాలుగు గింజలు, నాకు రెండు. నీ బుక్కుకి ఆకలెయ్యదు కదా!"

చదువు రాని మనిషికేం తెలుసనుకున్నాను. మళ్లీ పూత వచ్చినప్పుడు, సాయంత్రాలు బూడిదరంగు రెక్కల పురుగులు పూల మీద వాలేవి. ఆంటీ షాపుకి వెళ్లినప్పుడల్లా మా ఇంట్లో బొద్దింకల మందు డబ్బా తెచ్చి కొమ్మ కొమ్మకీ కొట్టాను. చెట్టును కాపాడుతున్నానని గర్వం కూడా.

ఆ ఏడు ఒక్క కాయ కాయలేదు.

ఆంటీ వట్టి కొమ్మలు వంచి చూసింది. "మా ఆయన కుర్చీ వేసుకుని చూసేవాడు. ఆ చిన్న రెక్కల పురుగే పువ్వు నుంచి పువ్వుకి పొడి మోసి, అక్కడే గుడ్డు పెడతది. దాని పిల్లే కాయలో గింజలు తింటది. అది రాకుంటే కాయ లేదు. ఈసారి ఎందుకు రాలేదో, బేటీ?"

నాకు తెలుసు. చెప్పలేదు.

"వచ్చే ఏడు కాస్తే గింజలు పోస్ట్ చేస్తావా? నాకు రాయడం రాదు. పోయేటప్పుడు అడ్రస్ చెప్తా, రాసుకో."

ఆమె వెళ్లే రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు తట్టిన చప్పుడు విని బాత్రూంలో దాక్కున్నాను. "బేటీ, ఉన్నావా?" అని మూడుసార్లు పిలిచి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు చెట్టు విరగకాసింది.

చాలా ఏళ్లకు లైబ్రరీలో ఆ పురుగుల గురించి శాస్త్రవేత్తలు రాసింది చదివాను. ఆంటీ చెప్పిందే.

ఆ వ్యాసం వెతికిచ్చిన లైబ్రరీ హెలెన్ గారికి, చిన్నప్పటి సంగతులేవైనా రాయమని పోరిన మా చెల్లి సుధకు కృతజ్ఞతలు. ఇంకొకరికి కృతజ్ఞత చాలదు. చెట్టు విరగకాసిన ఏడు ఏరిన గింజలు ఒక కవరులో దాచాను. దాని మీద "అప్పలమ్మ ఆంటీకి" అని రాసి ఉంది. కింద ఇంకేమీ లేదు.