తాల్లిన్‌లో తొంభై ఏడో శనివారం

బళ్ళారి నుంచి తాల్లిన్ పోవాలనుకునేవాళ్ళు ఎక్కువమంది ఉండరని నాకు తెలుసు. అయినా గనుల పుణ్యమా అని మా ఊరివాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడికో పోతున్నారు. అందుకే మేము ముగ్గురం చేసిన రెండు రాత్రుల ప్రయాణాన్ని గంటలతో సహా రాస్తున్నాను. ఇందులో నేనొక తప్పు చేశాను, అదీ రాస్తాను.

నాగిరెడ్డికి పద్దెనిమిది లారీలున్నాయి. ఖనిజం జల్లెడ పట్టే యంత్రం చూడడానికి ఆయన సోమవారం ఫిన్లాండ్‌లో ఒక ఫ్యాక్టరీకి పోవాలి. విడిభాగాల సంగతి చూసేందుకు మా ఊరి బ్రూస్‌పేటలో స్పేర్‌పార్ట్స్ అంగడి నడిపే ఖాజాను, కొలతలు సరిచూసేందుకు నన్ను వెంటబెట్టుకున్నాడు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఖనిజం కుప్పకు టేపు పట్టి ఎన్ని టన్నులుంటుందో చెప్పడం నా పని. ఆ లెక్క నాకెవరూ నేర్పలేదు. ముగ్గురం చిన్నప్పటి స్నేహితులం. శని, ఆదివారాలు హెల్సింకీలో గడిపే బదులు ఓడెక్కి అవతలి ఒడ్డున ఉన్న ఎస్టోనియా రాజధాని తాల్లిన్‌కు పోతే గది సగం ధరకు దొరుకుతుందని తేల్చి, టికెట్లు నేనే తీయించాను.

జూన్ మొదట్లో, బుధవారం రాత్రి బళ్ళారిలో రైలెక్కాం. గురువారం అర్ధరాత్రి దాటాక బెంగళూరులో విమానం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి, శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకు హెల్సింకీలో దిగాం. సాయంత్రం ఆరున్నరకు ఓడ కదిలింది. మూడున్నర గంటల ప్రయాణం. గాలి చల్లగా ఉంటుంది కనుక పోయేవాళ్ళు స్వెటర్ సంచిలో అడుగున పెట్టకండి.

ఓడలో తొమ్మిదింటికి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఖాజా అద్దంలోంచి చూసి, "ఏందప్పా ఇది, తొమ్మిదైనా పొద్దు దిగల్లేదే" అన్నాడు. జేబులోంచి నా చీటీ తీసి చూశాను. "శనివారం పొద్దు మునిగేది 6–52, భోజనం 7–15" అని రాసి ఉంది. అది మా ఇంటి గోడ మీది క్యాలెండరు చూసి రాసుకున్నది. రెండు దేశాల మధ్య రెండున్నర గంటల తేడాకు గడియారం దిద్దుకుంటే చాలనుకున్నానే గాని, పగలు ఇంత పొడుగుంటుందని ఆలోచించలేదు.

అది నాగిరెడ్డికి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. రెండున్నరేళ్ళ కింద ఆయన లారీ సండూరు ఘాటు రోడ్డులో పల్టీ కొట్టింది. డ్రైవరు మారెప్ప లేచి నిలబడడం కష్టమన్నారు డాక్టర్లు. వాడు నడిస్తే నూటెనిమిది శనివారాలు పొద్దు మునిగేదాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టనని నాగిరెడ్డి మొక్కుకున్నాడు. మారెప్ప ఇప్పుడు మళ్ళీ బండి తోలుతున్నాడు. మొక్కులో ఒక్క శనివారం తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. మర్నాడు తొంభై ఏడోది.

శనివారం పొద్దున హోటల్లో బల్ల దగ్గరున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి చెప్పింది: పొద్దు మునిగేది రాత్రి పది ముప్పై ఎనిమిదికి. నా చీటీలో ఉన్నదానికంటే మూడు గంటల నలభై ఆరు నిమిషాలు ఆలస్యం. నాగిరెడ్డి విని, "ఆయ్తు, అట్లే కానీ. పాండి తిరుగుదాం" అన్నాడు.

తొమ్మిదిన్నరకు బయలుదేరాం. పాత ఊరంతా రాతి గోడల లోపలే ఉంది, నడిచే చూడొచ్చు. చర్చి గోపురం ఎక్కడానికి మనిషికి అక్కడి డబ్బులో ముప్పై క్రూన్లు. వద్దన్నా నాగిరెడ్డి ఎక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. మెట్లు రెండొందల యాభై పైచిలుకు. దిగేవాళ్ళకు దారివ్వడంలో లెక్క ఒకటి రెండు తప్పి ఉంటాను. ఒంటిగంటకు ఖాజా, నేను ఆలుగడ్డలు, నల్ల రొట్టె తిన్నాం. నేను మానేస్తానంటే, నా కడుపు మాడితే నాగిరెడ్డిది నిండదని ఖాజా బలవంతాన కూర్చోబెట్టాడు.

నాలుగు ఇరవై రెండు. బళ్ళారిలో పొద్దు మునిగింది. ఇట్లాంటి ఊళ్ళలో తమవాళ్ళు కొందరు ఇంకో ఊరి వేళను బట్టి రంజాన్ ఉపవాసం, రోజా, విడుస్తారని ఖాజా చెప్పి, నాగిరెడ్డి ఇంటికి ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టాడు. బళ్ళారి సత్యనారాయణపేటలో ఆయన భార్య అప్పుడే దీపం వెలిగించింది.

"దీపం పెట్టినా. తింటివా?"

"ఈడ ఇంకా ఎండుండాది" అన్నాడాయన.

ఫోను పెట్టేశాక ఖాజా, "అరే యార్, ఇంట్లో దీపం పెట్టినారు గదా, తినకూడదా?" అన్నాడు. నాగిరెడ్డి అన్నాడు: "మారెప్ప కాళ్ళు కదిలినప్పుడు ఆ దేవుడు టైము చూసినాడా? పొద్దు మునిగినాక అన్నా. మునగనీ."

ఎనిమిదింటికి ఆయన నీళ్ళ సీసా మూత తిప్పలేక ఖాజాకిచ్చాడు. ఖాజా నవ్వడం మానేశాడు. తారీఖులు పెట్టింది నేను, ఈ తప్పు నాది, ఇక చాలించమని అడిగాను. ఆయన సముద్రం ఎటని అడిగాడు.

ఓడరేవు పక్కన పెద్ద కాంక్రీటు మెట్లున్నాయి. తొమ్మిదిన్నరకు అక్కడ కూర్చున్నాం. కుక్కను తిప్పుతున్న ఒక ముసలామె, ఏం చూస్తున్నారని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. ఖాజా చెప్పాడు. డిసెంబరులో రావలసింది, అప్పుడు మూడున్నరకే చీకటి పడుతుందని ఆమె నొచ్చుకుంది. "విన్నావా రెడ్డీ, మిగిలిన పదకొండూ డిసెంబర్లో ఈడికొచ్చి తీర్చుకో" అన్నాడు ఖాజా. పొద్దుటి నుంచి నాగిరెడ్డి నవ్వింది అప్పుడే.

పదింబావుకు పడమర మబ్బు కమ్మింది. సూర్యుడు కనబడలేదు. వెలుగు మాత్రం తగ్గలేదు. పది ముప్పై ఎనిమిది అయింది. హోటలు అమ్మాయి చెప్పిన వేళ ఇదేనని ఖాజా గుర్తుచేశాడు. నాగిరెడ్డి నా వైపు తిరిగాడు.

"ఆ యమ్మి నాకు తెల్దు. నువ్వు చెప్పప్పా. నీ మాట మీద తింటా."

ఒకసారి తప్పిన వాణ్ణి. కుప్పల దగ్గర నేను టన్నులు చెప్పాక కూడా జనం ఇంకోసారి టేపు పట్టిస్తారు. గడియారం ఓడలో దిద్దుకున్నదే. అయినా మబ్బు వెనక ఏముందో నాకేం తెలుసు? ఏడు నిమిషాలు కలిపాను. పది నలభై ఐదుకు, "తిను" అన్నాను.

ఇంటి నుంచి తెచ్చిన అటుకులు, అక్కడి పులిసిన మజ్జిగలో నానబెట్టి ఉంచాం. నాగిరెడ్డి దండం పెట్టుకుని తినసాగాడు. ఆకాశం వైపు మాత్రం చూడలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నర ఓడకు తిరుగు ప్రయాణం. ఊరు శుభ్రం, మనుషులు నిదానం, రెండు రోజులు చాలు. ఉపవాసాలున్నవాళ్ళు టికెట్టుకు ముందు అక్కడ పొద్దు మునిగే వేళ కనుక్కోండి. ఓడలో కాఫీ తాగుతూ నాగిరెడ్డి, వచ్చే శనివారం బళ్ళారిలో పొద్దు మునిగినాక నన్ను ఫోను చేసి చెప్పమన్నాడు. అక్కడ నీ ఇంటి మిద్దె ఎక్కితే కనబడదా అన్నాను.

"ఆ గనుల ఎర్రదుమ్ములో యాడ కనపడతాదప్పా" అన్నాడు. "రెండేండ్ల నుంచి అందాజు మీదనే తింటాండా."