నా వంతు స్తోత్రం

పోయిన గురువారం పొద్దున మా పెద్దమ్మ కన్నుమూసింది. మా అమ్మకు అక్క. నారాయణపేటలో బతుకంతా చీరలు నేసింది.

ఆమెకు చదువు రాదు. బైబిల్లోని కీర్తనలన్నీ చెవులతోనే నేర్చుకుంది. నేను చదువుతుంటే మగ్గం ఆపకుండా వినేది. మనసుకు తగిలిన మాట రాగానే మాత్రం చెయ్యి ఆగేది. "ఆగు బిడ్డా, గిది నాది," అనేది. ఇక ఆ కీర్తన ఆమె సొంతం అయిపోయినట్టే!

ఆ ఇంట్లో పొద్దుగూకాక ప్రార్థన. వరుసగా ఒక్కొక్కరూ కీర్తనల్లోంచి ఒక మాట చెప్పి, ఆ రోజుకు ఒక స్తోత్రం చెప్పాలి. పెద్దమ్మవన్నీ చిల్లర స్తోత్రాలే. "పొద్దుగాల్నుంచి ఒక్క పోగు తెగలె, స్తోత్రం." "ఇయ్యాల కరెంటు పోలె, స్తోత్రం." ఒకసారి పాస్టరుగారు నవ్వి, పెద్ద మేళ్లు కూడా తలుచుకోమ్మా అన్నారు. "పెద్దయి మీరు యాదిచేస్తరు గద అయ్యగారూ, చిన్నయి ఎవలు యాదిచేస్తరు?" అంది.

నా భర్త బైకు ప్రమాదంలో పోయాక ఆమె దగ్గరికే వచ్చేశాను. ప్రార్థనలో నా వంతు వస్తే నోరు పెగిలేది కాదు. ఏమని స్తుతించను? నా కోపమంతా దేవుడి మీదే. "ఏదో ఒకటి చెప్పు చెల్లె," అన్నాడు పెద్దమ్మ కొడుకు. "దాన్ని సతాయించకురా. దాని వంతు నేను చెప్త," అంది పెద్దమ్మ. ఆ రోజు నుంచి ఆమెది ఒకటి, నాది ఒకటి. "నా బిడ్డ ఇయ్యాల కడుపునిండ తిన్నది, స్తోత్రం."

పగలు మాత్రం నాతో ఏడ్చే కీర్తనలే చదివించుకునేది, దేవుణ్ణి నిలదీసి అడిగేవి. ఒకరోజు మధ్యలోనే బైబిలు మూసేశాను. మగ్గం దిగి వచ్చి పక్కన కూర్చుంది. "గీ కీర్తనలల్ల గూడ ఏడ్చినోళ్లున్నరు బిడ్డా. ఆయన మీద కోపమొస్తే ఆయనకే చెప్పాలె. గది గూడ కీర్తననే." నన్ను నిలబెట్టింది ఆ మాటే. అయినా నా వంతు చివరిదాకా ఆమే చెప్పింది.

ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. నా పక్కన ఆమె పీటను ఎవరూ తీయలేదు. వరుస ఆ పీట దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఇయ్యాల కరెంటు పోలె, స్తోత్రం," అన్నాను.

అది ఆమె వంతు. అందరూ నా వైపు చూశారు. నా వంతు ఇంకా మిగిలే ఉంది.

"నాకు పెద్దమ్మ ఉండె, స్తోత్రం."

పక్క గదిలో ఆమె సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. దాని పైన బల్బు వెలుగుతోంది, ఎవరూ ఆర్పలేదు.