విమానానికి పెట్టిన బొట్లు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా ఇంటి వెనక లాన్‌లో షోకి పెట్టుకుందామని, రిటైరైన యుద్ధవిమానం ఒకటి కొన్నాను. ఇక ఎగరదని తెలిసినా, కొత్త కారుకి చేసినట్టే పూజ చేశాం. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టాం. కాక్‌పిట్ కింద వరసగా చిన్న చిన్న నల్ల బొమ్మలు కనిపిస్తే, ముచ్చటపడి ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టాను.

ఫ్రెండ్స్‌కి పంపడానికి ఫొటో తీసిన మా ఆవిడ, జూమ్ చేసి చూసి, ఫోన్‌లోనే ఏదో వెతికింది.

"ఏవండీ, ఇవి బాంబులండీ! వేసొచ్చిన ప్రతిసారీ ఒక బొమ్మ పెయింట్ చేస్తారట."

తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"పూజ చేసి పెట్టిన బొట్టు చెరుపుతారా? అపశకునం!"

నా తెలివి తగలెయ్య! ఎన్ని ఇళ్లల్లో ఆడవాళ్ల బొట్టు చెరిపి వచ్చిందో, ఆ విమానానికి నా చేత్తో నేనే బొట్లు పెట్టాను.