క్వారీలో నేర్చుకున్న బండి

సెలూన్ నడిపే ఆయనకు యాభై ఏళ్లు దాటాయి. ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి పాత స్కూటరు మీద తిరగడమే ఆయన జీవితంలో చేసిన ప్రయాణం. అలాంటి మనిషి ఇప్పుడు పాడుబడ్డ క్వారీలో, కంకర గుట్టల మీద మోటార్‌సైకిల్ తోలడం నేర్చుకుంటున్నాడు.

కూతురు కొండల అవతల ఆసుపత్రిలో నర్సు. వానలకు కొండచరియలు విరిగిపడి రోడ్డు కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచి ఫోను మూగబోయింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి కాళ్లరిగాయి గానీ, "కబురు రాగానే చెప్తాం" అన్న మాట తప్ప ఇంకేమీ దొరకలేదు. అడవి బాటన బండ్లలో మోటార్‌సైకిల్ ఒక్కటే పోగలదట. పోతానన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేర్పుతున్నది బండ్లు రిపేరు చేసే ఆవిడ. ఒకప్పుడు పందేల్లో తోలేది, అందరూ రాకెట్ అంటారు. మోకాలు పోయింది గానీ, లేకపోతే తనే వెళ్లేది.

"కూర్చోకు అన్నా, ఫుట్‌రెస్టుల మీద నిలబడు! రాయిని చూడకు, రాయి దాటాక ఎటు పోవాలో అటు చూడు. హ్యాండిల్‌ని అలా పీక పిసికినట్టు పట్టుకుంటావేంటి? కత్తి కూడా ఇలాగే పట్టుకుంటావా?"

"అలా పట్టుకుంటే నా కొట్టుకు ఎవడొస్తాడమ్మా!"

ఆ వారమంతా ఆయన నవ్వింది అదొక్కసారే. ఆ నవ్వులోనే ముందు బ్రేకు నొక్కి దబ్బున పడ్డాడు.

పడడం, లేపడం. బండికి వీపు ఆనించి, కాళ్ల బలంతో పైకి నెట్టాలి. అది లేచేసరికి ఈయనకు ప్రాణం పోయినంత పనయ్యేది. సాయంత్రం కొట్లో చేతులు వణికి ఒకాయన చెవి కాస్త తెగింది. ఆయన కోప్పడలేదు, కాస్త దూది అడిగాడంతే. ఆ జాలికే ఈయనకు ఏడుపొచ్చింది.

ఇంట్లో భార్య ఆయన మోచేతులకు మందు రాస్తూ, "మీకేమన్నా అయితే నేనెవర్ని వెతుక్కోవాలండీ?" అంది.

"వెళ్లొద్దంటావా?"

ఆవిడ రెండో మోచేతికి కూడా మందు రాసి, మూత బిగించింది. "వెళ్లండి" అంది.

"నీకింకా చేతకాలేదన్నా" అంది రాకెట్, క్వారీలో చివరి రోజు.

"నాకు తెలుసమ్మా" అన్నాడాయన. మర్నాడు తెల్లారగానే బయల్దేరాడు.

రాళ్లదారి ఎలాగో గట్టెక్కాడు. వాగులో చక్రం జారి బండి నీళ్లలో పడింది. ఒడ్డుకు ఈడ్చి, కాలు పడిపోయేదాకా కిక్కు కొట్టాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు. దాని పక్కనే కూలబడి గొంతు పోయేలా ఏడ్చాడు. ఆ అడవిలో వినేవాళ్లెవరు? బండిని అక్కడే వదిలేసి, లేచి నడిచాడు.

ఆసుపత్రి గోడ సగం కూలి ఉంది. వరండాలో కూతురు కాలికి కట్టుతో, కూర్చున్న చోటి నుంచే ఎవరికో సూది మందు ఇస్తోంది. బురద కొట్టుకుపోయిన ఈయన్ని చూసి ఇంకో రోగి అనుకుంది.

"చిట్టితల్లీ" అన్నాడు.

"నాన్నా! ఎలా వచ్చావ్?"

"మోటార్‌సైకిల్ మీద."

"ఈ దారిలోనా? నీకు మోటార్‌సైకిల్ ఎక్కడొచ్చు నాన్నా!"

"రాదమ్మా. అందుకే సగం నడిచాను" అంటూ ఆమె ముందు కూర్చుని, కాలి కట్టును తడిమాడు.