కనుబొమ్మ పక్కన పచ్చబొట్టు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా కళ్ళ మీద పెట్టుకుని తిరుగుతున్నాను. అద్దం ముందు నిలబడినప్పుడల్లా అది నన్ను చూస్తుంది. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాకు నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు వచ్చాయి. ఇప్పటికీ ప్రతి మాటనూ పైకి పలుక్కుంటే తప్ప నా చేయి కదలదు. అందుకే నెమ్మదిగా రాస్తున్నాను.

మాది ఖాజాగూడ. ఊరి రాతిగుట్టల అవతల కంప్యూటర్ కంపెనీల భవనాలు లేస్తున్న రోజుల్లో నేనూ మా ఆయనా మాదాపూర్ దారిలో చిన్న మెస్ పెట్టాం. ఇస్త్రీ చొక్కాల పిల్లలూ, సిమెంటు అంటిన మేస్త్రీలూ ఒకే బల్ల మీద తినేవారు. బాగా నడిచింది. నాకే లోటూ లేదు. నా ముఖం మాత్రం ఆ మాట చెప్పేది కాదు. కనుబొమ్మలు జారి, రెప్పల మీది చర్మం మడతపడి కంటి మీదికి వాలిపోయింది. "ఒంట్లో బాలేదాండీ?" అని కూకట్‌పల్లి నుంచి వచ్చే కోస్తా పిల్లలు అడిగేవారు. "ఏందక్కా, బావ తిట్టిండా?" అని మేస్త్రీ ఆటపట్టించేవాడు. నవ్వుతూ వడ్డించినా ఏడుస్తూ వడ్డించినట్టే ఉండేదట. సుఖంగా ఉన్న మనిషికి సుఖంగా కనబడాలని ఉండకూడదా? ఆ కోరిక తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పు ఆ తరువాత చేశాను.

మా ఆయన్ని బతిమాలి పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నా చేతికి అద్దమిచ్చి, వేలితో నా కనుబొమ్మను పైకి లేపి చూపించింది. దారులు రెండున్నాయంది. రెప్పల మీద మిగులు చర్మం కోసి, గీత మడతలో కలిసిపోయేలా కుట్టడం ఒకటి. నెత్తి మీద వెంట్రుకల్లోపల కోసి కనుబొమ్మల్నే పైకి లాగడం రెండోది. నీకు అసలు జారింది కనుబొమ్మలు, రెప్పలొక్కటే కోస్తే సగం దిగులు ముఖంలోనే మిగిలిపోతుంది అని దాచకుండా చెప్పింది.

నేను సగమే చాలన్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. నా ఎడమ కనుబొమ్మ చివర ఒక పచ్చబొట్టు ఉంది. చిన్నప్పుడు జాతరలో మా అమ్మ పొడిపించింది. కనుబొమ్మ లేస్తే అది కూడా లేస్తుంది. పుట్టి పెరిగిన ఊళ్ళో, పచ్చబొట్టు చోటు మారితే ఎవరు కనిపెట్టరు? కనిపెడితే నా అబద్ధం బయటపడుతుంది. అప్పటికే ఇంట్లో మిగతావాళ్ళకు చెప్పేశాను, నాకు మోతిబిందు అని, కంట్లో పొర కమ్మింది కోయించుకోవాలని. ఆ ఈడులో అందం కోసం కత్తికి ముఖమిచ్చానంటే నవ్వుతారని భయం.

నిజంగా మోతిబిందు ఉన్నది సత్తెమ్మక్కకు. మా బావగారి భార్య, నా యారాలు. ఒకే ఇల్లు మాది. పాత చీరలతో ఆమె కుట్టే బొంతల కోసం పక్క ఊళ్ళ నుంచి వచ్చేవారు. డాక్టర్లు కోయాలని చెప్పినా భయపడి ఆగింది. "ముందు నీది కానియ్యి చెల్లె, చూసి నేను గూడ పోత" అంది. అది విని కూడా నేను నోరు మెదపలేదు.

కోత తరువాత నా కళ్ళు రెండూ నేరేడుపళ్ళలా నీలంగా ఉబ్బిపోయాయి. రెప్పల మీద నల్లటి కుట్లు. అక్క మంచం దగ్గర కూర్చుని, నా ముఖానికి దగ్గరగా వంగి చూసింది.

"గింత కోస్తరా చెల్లె? రెండు కండ్లకా?"

"ఆ, అక్క."

"నొచ్చిందా?"

గుమ్మంలో పక్కింటామె నిలబడి వింటోంది. "బాగ నొచ్చింది" అన్నాను.

"మత్తియ్యలే?"

"ఇచ్చిన్రు. అయినా తెలుస్తది."

అక్క చీర కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది. "నాతోని కాదు తల్లీ. కానొచ్చినంతనే చాలు."

పక్కింటామె వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరమే ఉన్నాం. తన చేత్తో నాకు అన్నం తినిపించింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? నవ్వుతుందనా? నవ్వేదే. నవ్వి ఆసుపత్రికి బయలుదేరేది. నవ్వితే నాకేం పోయేది?

కుట్లు తీశాక నా రెప్పలు తేలికయ్యాయి. ఊళ్ళో బడిలో ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారంటే ఇద్దరం కలిసి పోదామనుకున్నాం. వెళ్ళాం కూడా. అక్క పలకను ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. "పొగల చీమలు పాకినట్టున్నయే" అని కింద పెట్టింది. మళ్ళీ రాలేదు. నేను కూర్చున్నాను. అ నేర్చుకున్నాను, అమ్మ అని రాశాను, పంతులమ్మ మెచ్చుకుంటే పొంగిపోయాను. ఇంటికొచ్చి నా పలకను అక్కకే చూపించాను. ఆమెకు కనబడదని తెలిసీ చూపించాను.

బొంతలు కుట్టడం ఆగిపోయింది. ఏళ్ళు గడిచాయి. ఒకనాడు సొంత తమ్ముడు ఎదురొస్తే ఎవరో అనుకుని పక్కకు తప్పుకుంది. అప్పుడు ఆమె కోడలు ఇక వినకుండా పట్టుకుపోయి కోయించింది. కట్టు విప్పిన రోజు అక్క నన్ను పిలిచింది. "గింతేనా? చీమ కుట్టినట్టు గూడ లేదు. మరి నీకెందుకట్లయింది?"

"నా ఒళ్ళు గట్లాంటిదక్క" అన్నాను. నమ్మింది. అంతకు ముందు ఆడిన అబద్ధం కన్నా ఈ మాటే నాకెక్కువ బరువు.

అప్పటికి ఊళ్ళో ఆ చదువు ఆగిపోయింది. నేను నేర్పుతానంటే, "ఇగ నా చెయ్యి తిరగదు గని, నువ్వు చదువు, నేను వింట" అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున పేపరు ఆమెకు చదివి వినిపిస్తాను. ఆ పూట నాకు చాలా ఇష్టం. కానీ చదువుతున్నంతసేపూ గుర్తుంటుంది, ఆమె కూడా చదవగలిగి ఉండేది. ఇది రాసి చేతిలో పెట్టినా ఆమెకు చదవడం రాదు. చదవలేకపోవడానికి నేనే కారణం.

ఇప్పుడు కూడా అక్క పక్కనే కూర్చుని బొంత కుడుతోంది. సూదిలో దారం తనే ఎక్కించుకుంది. పలుక్కుంటూ తప్ప రాయలేనని ముందే చెప్పాను కదా. మొదట గొంతు తగ్గించుకునే రాశాను. పచ్చబొట్టు దగ్గరికి వచ్చాక తగ్గించలేదు.

ఆమె సూది ఆగి కాసేపయింది. నేను తలెత్తి చూడలేదు. అక్క లేచి పోలేదు. ఏమంటుందో నాకు తెలియదు. ఈ చివరి మాటలు కూడా ఆమెకు వినబడేలా పలుకుతూనే రాస్తున్నాను.