బావ పేరుతో ఆడిన శుక్రవారాలు

మొన్న మా అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్‌లో ఒకేసారి రెండు ఆటలు తెరిచి, కాస్త ఆలస్యమైందని విసుక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. నీ అసాధ్యం కూలా, రెండు జీబీ డొక్కు ల్యాప్‌టాప్ మీద మూడు విండోలు నడిపినదాన్నే నేను అని గొప్పకు పోబోయి, ఎందుకు నడిపానో గుర్తొచ్చి ఊరుకున్నాను.

మా తమ్ముడు గల్ఫ్ వెళ్లిన కొత్తలో, ఫోను చేస్తే "బాగానే ఉన్నానక్కా" తప్ప మరో ముక్క వచ్చేది కాదు వాడి నోట. వాడి సంతోషమంతా శుక్రవారం సెలవునాడు మాతో ఆడే ఆన్‌లైన్ ఆటలోనే. అందులో నలుగురు జట్టు కడితేగాని కోట తలుపు తెరుచుకోదు. వాడూ, ముక్తేశ్వరం నుంచి నేనూ, మా మేనబావా, మా చిన్నాన్నగారబ్బాయీ ఆడేవాళ్లం. ఆర్నెల్లు తిరక్కుండా ఒకరు ఉద్యోగంలో, ఒకరు కొత్త కాపురంలో పడి మానేశారు. "మాకెక్కడ ఖాళీ మరదలా, నువ్వే ఆడేసుకో" అని పాస్‌వర్డు ఇచ్చి బావ చేతులు దులిపేసుకున్నాడు, చిన్నాన్నగారబ్బాయీ తనది ఇచ్చేశాడు. ఆ మాట తమ్ముడితో అనడానికి నాకు నోరు రాక, వాళ్లిద్దరి పేర్లతోనూ నేనే ఆడటం మొదలెట్టాను.

ల్యాప్‌టాప్‌ని బోర్లించిన పళ్లెం మీద ఎత్తిపెట్టి, టేబుల్ ఫ్యాను దానికేసి తిప్పి, చెట్లు అట్టపెట్టెల్లా కనబడేదాకా బొమ్మల నాణ్యత తగ్గిస్తే, ముగ్గురి ఆటా ఎలాగో తెరుచుకునేది. ఒకటి కదిపితే ఇంకోటి బిగుసుకుపోయేది. ఆ కంగారులోనే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతూ, బావ విండోలో "ఒరేయ్ బామ్మర్దీ" అనాలి, చిన్నాన్నగారబ్బాయి విండోలో "అన్నయ్యా" అనాలి, నా దాంట్లో ఎప్పట్లా "నాన్నా" అనాలి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వాడు బావకి విడిగా రాశాడు. "బావా, నడుం పోయింది, బరువులెత్తలేకపోతున్నా. పంపేయమంటే పాస్‌పోర్టు ఇవ్వట్లేదు. అక్కకి మాత్రం చెప్పకు, బెంగెట్టేసుకుంటాది." చదువుతున్నది ఆ అక్కే. బావలాగే ధైర్యం చెబుతూ పోయాను. వాడూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చి, చివరికి, ఇక్కడే పోతానేమో బావా అన్నాడు. అంతే, నేనెవరి పేరుతో ఉన్నానో మరిచిపోయాను. "అలా అనకు నాన్నా, నేనున్నాను" అని కొట్టేశాను. చెరిపేద్దామంటే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. అది తేరుకునేసరికి వాడి దగ్గర్నుంచి "అక్కా?" అన్న ఒక్క మాట ఉంది. వాడు ఆటలోంచి వెళ్లిపోయాడు.

విషయం చెప్పగానే బావ తెలిసినవాళ్లందరినీ పట్టుకుని తిరిగాడు, నాలుగు నెలలకు తమ్ముడు ఇల్లు చేరాడు. దానికి దేవుడికి దణ్ణం పెట్టుకోని రోజు లేదు. ఆట సంగతి మాత్రం వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు కొత్తపేటలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో గొంతు వినడమే గగనం, ఇప్పుడు రోజూ ఫోనులో ముఖం చూసుకుంటున్నాం, అయినా నడుం నొప్పి ఇంకా వేధిస్తోందని వాళ్లావిడ చెబితేనే తెలిసింది నాకు. ఆ పూట ఇంకో గంట బావగానే ఉండిపోవాల్సింది, ఇంకెన్ని చెప్పుకునేవాడో అని కుమిలిపోతుంటాను. ఇప్పటికీ బావ మెసేజ్ పెడితే, ఫోన్ చేసి గొంతు విన్నాకే వాడు జవాబిస్తాడట.