మొలకెత్తిన గిటారు

మా మరిది పోయాడని మెట్‌పల్లి నుంచి ఫోన్ వచ్చి ఇంకా నెల కాలేదు. చెప్పినవాళ్లు రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశారు. అతనే అయితే ఆ రెండు ముక్కలకు ముందు ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడిగి ఉండేవాడు. వదిన కంటే ముందు ఏనాడూ కంచం ముందు కూర్చోని మనిషి, ఈ ఒక్క విషయంలో వరస తప్పాడు.

కరీంనగర్‌లో మేమంతా ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో అతను పగలు గుమస్తా, సాయంత్రం పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. నేను బాలికల బడిలో లెక్కల పంతులమ్మను. ఆ వాయిద్యాన్ని ‘కరెంటు పెట్టిన రొట్టెల పీట’ అనేదాన్ని. అతను నవ్వి ఊరుకునేవాడు.

అప్పటికే అత్తమ్మకు చెవులు మందగిస్తున్నాయి. గదినిండా పిల్లల నోళ్లు మూయించే నా గొంతే ఆమెకు అందలేదంటే సంగతి మీరే ఊహించుకోండి. ఆమెను చేరేది ఒక్క గిటారు మోతే. సాయంత్రం కాగానే స్పీకరు డబ్బా ముందు పీట వేసుకొని కూర్చునేది. ఆ మిగిలిన వినికిడి కూడా ఎక్కువ కాలం ఉండదని డాక్టరు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే గిటారు విరిగింది. ఆదిలాబాద్‌లో పెళ్లికి వాయించి వస్తుంటే బస్సు టాపు మీద ఎవరో దానిపైన పత్తి కుక్కిన గోనె బోరెం పడేశారు. పత్తి మెత్తనిదని చెప్పేవాళ్లను ఆ బస్సెక్కించాలి. గిటారు మెడ రెండు ముక్కలైంది.

బొంబాయి నుంచి ఒక స్నేహితుడు కొత్త మెడ తెచ్చాడు. అది వేరే గిటారుది. మెడ మొదలు వెడల్పు, పాత గిటారు చెక్కలో అది కూర్చోవలసిన గాడి ఇరుకు.

“ఏందయ్యా, వినాయకునికి తల మార్చినట్టు మారుస్తున్నవా?” అన్నాను.

“గాయనకు శివుడున్నడు వదినా. నాకు గీ ఆకురాయే దిక్కు.”

వరండాలో కూర్చొని గాడి అంచును ఆకురాయితో అరగదీసేవాడు. మెడ పెట్టి చూసేవాడు, తీసేవాడు, మళ్లీ అరగదీసేవాడు. జర జల్దీ కానియ్యమంటే, “కట్టె తియ్యొచ్చు గని మళ్ల పెట్టరాదు. నీ నోటి మాట గూడ గంతే వదినా” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. పాటిస్తున్నానని మాత్రం చెప్పను. మెడ మీది పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగానికి రావాలని అతనంటే, స్కేలు పెట్టి నేనే కొలిచాను. తీగలు ఆనే ఇనప పట్టీని కొంచెం ముందుకు జరపవలసి వచ్చింది.

బిగించే రోజు అత్తమ్మ వచ్చి కూర్చుంది. దర్వాజ నిలబెట్టేటప్పుడు పసుపు గుడ్డలో నవధాన్యాలు కట్టి పెట్టడం మా వైపు ఆచారం. “కట్టెకు కట్టె కలుపుతున్నవ్. ఉత్తగనే కలుపుతరా బిడ్డా?” అంటూ తడి పసుపు గుడ్డలో చిటికెడు గింజలు మూట కట్టి ఇచ్చింది. నేను నవ్వాను. అతను ఆ మూట పట్టేంత చోటు గాడిలో తొలిచి, దాని మీదే మెడ పెట్టి మరలు బిగించాడు.

శ్రావణం ముసురు పట్టింది. నాలుగైదు రోజుల్లో లోపలి పెసలు ఉబ్బాయి. మెడ పైకి లేచి, గాడి అంచు పగిలింది. పగుల్లోంచి తెల్లగా ఒక మొలక తొంగిచూసింది.

“పంట ఎప్పుడు కోస్తవయ్యా?” అన్నాను.

అతను తలెత్తలేదు. “అవ్వకు చెప్పకు వదినా. తన చెయ్యితోనే అయిందని పరేషాన్ అయితది.”

“ఇంకా కాలేదా కొడుకా?” అని అత్తమ్మ రోజూ అడిగేది. జిగురు ఆరలేదని సైగ చేసేవాడు. అబద్ధమేమీ కాదు. ఆ వానల్లో పగిలిన అంచుకు రాసిన జిగురు నిజంగానే ఆరలేదు.

ఎండ మొహం చూశాక అంచు అతుక్కుంది. మూట లేకుండా మెడ మళ్లీ బిగించి డబ్బాకు వైరు తగిలించిన సాయంత్రం అత్తమ్మ పీట వేసుకుంది. అతను వాయించాడు. ఎదురింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. ఆమె అతని వేళ్లనే చూస్తూ, “మొదలువెట్టు బిడ్డా” అంది.

అతని చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. తరువాత స్టూలు ఆమె దగ్గరికి జరుపుకొని, ఆమె తలను మెల్లగా వంచి, నుదురు గిటారు భుజానికి ఆనించాడు. అన్నిటికన్నా లావు తీగను మీటాడు. ఆమె కళ్లు మూసుకుంది.

“ఇనొస్తలేదు గని, నుదుట్ల కొడుతుంది కొడుకా. ఆపకు.”

ఆమె ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు అలాగే గడిచాయి. ఆర్కెస్ట్రావాళ్లు పిలిచి పిలిచి మానేశారు. చేతికొచ్చిన విద్య పోగొట్టుకుంటావా అని మందలిస్తే, “ఆడ బువ్వ తినుకుంట ఎవలింటరు వదినా? ఈడ ఇనెటామె ఉన్నది” అన్నాడు.

అత్తమ్మ పోయాక అతను మెట్‌పల్లికి బదిలీ అయ్యాడు. గిటారు వెంట తీసుకుపోయాడు కానీ, మళ్లీ వాయించగా నేను వినలేదు.

మెట్‌పల్లిలో అతని దినాలైన మర్నాడు చుట్టాలంతా వెళ్లిపోయారు. అతని భార్య, నా తోటికోడలు, ఇల్లు దులుపుతూ గోడకున్న గిటారు దించి ఒళ్లో పెట్టుకుంది. మీగడ రంగు చెక్క. దాని భుజం మీద అత్తమ్మ కుంకుమ బొట్టు ఇంకి, ఎర్రటి మచ్చగా మిగిలింది. తోటికోడలు తడి గుడ్డతో ఒక కొస నుంచి తుడుచుకుంటూ వచ్చింది. మచ్చ దగ్గర చెయ్యి ఆపి, గుడ్డ చివర వేలికి చుట్టుకొని, దానికి తగలకుండా మెల్లగా చుట్టూ తుడిచింది.